ఒక మెడ, మూడు వేల మోకాళ్ళు

"నన్నెందుకు బ్లాక్ చేశారండీ?"

ఆమె బోర్లా పడుకుని ఉంది. ముఖం బల్లకున్న కంతలో ఉంది. నేల మీద అతని బూట్లు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. మెడేమో అతని రెండు చేతుల్లో ఉంది. ఒక మనిషిని నిలదీయడానికి ఇంతకంటే అన్యాయమైన సమయం ఉండదు.

"ఎవర్ని? మిమ్మల్నా? మీరెవరో నాకు తెలీదే!"

"అదేంటండీ, ఇది నాలుగోసారి మీరు రావడం."

"ఇక్కడ తెలుసు. ఫోన్లో తెలీదంటున్నా."

"పోయిన వారం ఎక్సర్‌సైజ్ వీడియోలు పంపిస్తానన్నానా? పంపితే పోలేదు. ఇవాళ మీరొచ్చీ రాగానే, వీడియోలు రాలేదని మా రిసెప్షన్ ఆంటీ మీద ఎగిరారు. ఆవిడ నా మీద ఎగిరింది. ఇప్పుడు నేనెవరి మీద ఎగరాలి చెప్పండి?"

ఆమె కాసేపు ఆలోచించింది. ఎక్కడో తట్టింది.

"ఆ అస్థిపంజరం భుజం మీద చెయ్యేసుకుని నవ్వుతున్న ఫొటో... అది మీరా?"

"ఎడమ పక్కన ఉన్నది నేను."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వగానే మెడ కలుక్కుమంది. "అబ్బా!"

"నవ్వకండి. నవ్వు మూడో వారంలో మొదలుపెడదాం" అన్నాడు ఫిజియో, వేలితో సరిగ్గా నొప్పి ఉన్నచోట నొక్కుతూ.

ఆ బిల్డింగ్‌లో కింద ఫిజియోథెరపీ క్లినిక్, పై అంతస్తులో వాషింగ్ మెషీన్లు అమ్మే కంపెనీ ఆఫీసు. కంపెనీ పేజీలో జనం పెట్టే కామెంట్లకి జవాబులు రాయడం ఆమె ఉద్యోగం. మెషీన్ తిరగకపోతే తిట్లు. తిరిగితే చప్పుడొస్తోందని తిట్లు. ఇంట్లో ఎవరి మీదో ఉన్న కోపాన్ని మెషీన్ మీద పెట్టి తిట్టేవాళ్ళూ తక్కువేం కాదు. అందరికీ ఒకటే మందు: "మీకు కలిగిన అసౌకర్యానికి మన్నించండి." ఆ మాట ఆమెకి ఎంత ఒంటపట్టిందంటే, ఒకసారి బస్సులో తన కాలు తొక్కినవాడికి కూడా తనే ఆ మాట చెప్పింది.

ఇంట్లో ఆమెని పొట్టి అంటారు. చిన్నప్పుడు క్లాసులో ఎత్తు కొలిస్తే అందరికంటే కింది గీత దగ్గరే ఆగిపోయేదని అలా పిలిచారు. ఇప్పుడు ఇంట్లో అందరికంటే పొడుగు ఆమే. పేరు మాత్రం పెరగలేదు.

మెడ నొప్పికి స్క్రీన్ ఒక కారణం. రెండో కారణం ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఏడాది క్రితం ఆమెకి పెళ్ళి కుదిరి తప్పిపోయింది. అబ్బాయి చెడ్డవాడేం కాదు. ఇద్దరికీ కుదరదని ఇద్దరికీ తెలిసింది, అంతే. ఒక హోటల్లో ఎదురెదురుగా కూర్చుని, టీ చల్లారిపోయేదాకా మాట్లాడుకుని, మంచిగానే విడిపోయారు. అమ్మకి ఎలా చెప్పాలి, నాన్నకి ఏ మాటతో మొదలుపెట్టాలి అని ఆలోచిస్తూ ఆమె బస్సెక్కింది. బస్సు దిగేలోపు పిన్ని ఫోను.

"ఏమే పొట్టీ, ఇదేంటే? ఆ అబ్బాయి సింగిల్ అని పెట్టుకున్నాడు? మీ ఫొటోలన్నీ తీసేశాడు? నా ఫోన్ పాడైందా, మీ సంబంధం పాడైందా?"

అప్పట్నుంచి మొదలైంది. ఎప్పుడో ఒకసారి పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ళు, పేరు కూడా గుర్తులేని చుట్టాలు, అన్నయ్య స్నేహితుడి భార్య, అందరూ ఓదార్చారు. "బలంగా ఉండమ్మా." "అంతా మన మంచికే." "మాకు ముందే అనుమానం వచ్చింది." ఒక్కొక్కరికీ థాంక్యూ చెప్పాలి. చెప్పకపోతే పొగరంటారు. చెబితే, బాధే లేదు చూశావా అంటారు. ఆఫీసులో తిట్లకి జవాబులు, ఇంటికొస్తే జాలికి జవాబులు. పాపం, ఆమెకి ఏడవడానికి తీరిక దొరకలేదు.

అందుకే ఇప్పుడు ప్రతి ఆదివారం అదే పని. బియ్యంలో రాళ్ళేరినట్టు ఫ్రెండ్స్ లిస్టు ఏరుతుంది. తెలియనివాళ్ళని తీసేస్తుంది. తెలిసినవాళ్ళకి కనిపించకుండా తలుపులేస్తుంది. కొత్తగా ఎవడు కనిపించినా బ్లాక్. ఆ ఊపులో ఒక ఆదివారం అస్థిపంజరంతో సహా ఫిజియో కూడా కొట్టుకుపోయాడు.

"నిద్ర సరిగ్గా పడుతోందా?" అనడిగాడు అతను, ఆ తర్వాతి సారి.

"మెడ చూడండి చాలు. నిద్రతో మీకేం పని?"

"నిద్ర లేని మెడ నా మాట వినదండీ. ఎంత నొక్కినా మళ్ళీ మొదటికొస్తుంది."

సరిగ్గా అప్పుడే పక్క బల్ల మీదున్న అతని ఫోన్ గుర్రుమంది. మళ్ళీ గుర్రుమంది. ఆమె తలెత్తి చూసింది. స్క్రీన్ నిండా వాచిపోయిన మోకాలు.

"ఏంటది?"

"మోకాలు."

"తెలుస్తోంది. ఎవరిది?"

"అదే నాకూ తెలీదు. మొహం పెట్టరు కదా." అతను నిట్టూర్చాడు. "ఒకావిడకి మోకాలు నయమైంది. ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపింది. కాదంటే బాగుండదని ఒప్పుకున్నాను. ఆవిడ వాళ్ళ వదిన, వదిన వాళ్ళ తమ్ముడు, తమ్ముడి ఆఫీసు మొత్తం... ఎవర్నీ కాదనలేకపోయాను. ఇప్పుడు మూడు వేలమంది. నేను అన్నం తింటుంటే మోకాలు. స్నానానికి వెళ్తుంటే ఎక్స్‌రే. పోయిన పుట్టినరోజుకి ఎవరో మడమ ఫొటో కింద హ్యాపీ బర్త్‌డే అని రాసి పంపారు."

ఆమె అతని ముఖం వైపు మొదటిసారి సరిగ్గా చూసింది. కళ్ళ కింద నల్లటి చారలు. తనకున్నట్టే.

"ఫోన్ ఇలా ఇవ్వండి" అంది.

అలా కుదిరింది ఒప్పందం. మీ మెడకి నేను, నా ఫోనుకి మీరు. అతని పని అయిపోయాక ఆమె మెడ మీద వేడి సంచీ వేసుకుని మూల కుర్చీలో కూర్చునేది. ఆ కాసేపూ అతని ఫోన్ ఆమె చేతిలో.

"క్లినిక్‌కి వేరే పేజీ పెడదాం. మోకాళ్ళన్నీ అక్కడికి. ఆంటీకి నేర్పిస్తాను, ఆవిడ చూసుకుంటుంది. మీ సొంత అకౌంటుకి తాళం. నంబర్లు వాడుకోవడానికి ఆ యాప్‌కి పర్మిషన్ ఇచ్చారా? ఇచ్చేశారు! అందుకే కదండీ, మీ ఫోన్లో ఉన్నవాళ్ళందరికీ మిమ్మల్ని చూపిస్తోంది."

"అది అడిగింది, నేను ఓకే కొట్టాను."

"ఎవరేం అడిగినా ఓకే కొడతారా?"

"మొహమాటం."

"ఫోనుతో కూడానా! సరే, ఇతనెవరు?"

"గుర్తులేదు."

"ఈవిడ?"

"నడుము. కాదు కాదు, భుజం."

"మనిషి అండీ, మనిషి!"

"భుజమున్న మనిషి."

రిసెప్షన్‌లోంచి ఆంటీ దగ్గు వినిపించింది. అది దగ్గు కాదని ఇద్దరికీ తెలుసు. ఆవిడ రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి, నాలుగు రోజుల్లోనే ఫోన్లో పేజీ నడపడం నేర్చేసుకుంది. కొత్తగా ఈత నేర్చినవాళ్ళు బకెట్ చూసినా దూకుతారు. ఆవిడ క్లినిక్ కుండీలో పువ్వు పూసినా ఫొటో పెట్టేస్తోంది.

ఏరగా ఏరగా అతని లిస్టులో వాళ్ళ అన్నయ్య, కాలేజీ స్నేహితులు ఇద్దరు, చిన్నప్పుడు లెక్కలు చెప్పిన మాస్టారు మిగిలారు. అతను ఆ నాలుగు పేర్లనీ చాలాసేపు చూశాడు.

"ఇంతేనా నాకున్నవాళ్ళు?"

"ఇంతమంది ఉండటమే గొప్ప. నాకు లెక్కపెట్టుకోవాలంటేనే భయం."

"ఇంకొకరికి చోటుంది" అన్నాడు మెల్లగా. "మీరు బ్లాక్ తీసేస్తే."

ఆమె వేడి సంచీ సర్దుకుంది. "అందులో వద్దండీ. ఇక్కడ మాట్లాడుకుంటున్నాంగా."

"సరే" అన్నాడు.

అది అలిగిన సరే కాదు. తర్వాత చూద్దాంలే అనే సరే కూడా కాదు. అచ్చమైన సరే. ఇంటికి వెళ్తూ బస్సులో ఆమె ఆ మాటనే తలుచుకుంది. తను వద్దన్నదాన్ని ఎవరైనా అలా వదిలేసి ఎన్నాళ్ళయింది?

మూడో వారంలో వాన పట్టుకుంది. రావలసిన పేషెంట్లు రాలేదు. కిటికీ అద్దాల మీద నీళ్ళు ధారలు కడుతున్నాయి. ఆంటీ టీ తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. అతను అస్థిపంజరానికి పేరు పెట్టాలని, అది ఇన్నేళ్ళుగా జీతం లేకుండా పనిచేస్తోందని ఏదో అంటున్నాడు. ఆమె నవ్వింది. తల వెనక్కి వాల్చి మరీ నవ్వింది. మెడ ఏమీ అనలేదు. నవ్వు ఆపాక చూస్తే, అతను టీ తాగడం మర్చిపోయి తన వైపే చూస్తున్నాడు. ఆమె చటుక్కున వాన వైపు చూసింది. వాన ఏమీ పట్టనట్టు తన పని తాను చేసుకుంటోంది.

మర్నాడు ఆఫీసులో, "డ్రైయర్‌లో నా చొక్కా కురచైపోయింది" అని ఒకాయన పెట్టిన కామెంటుకి జవాబు రాస్తుండగా ఆమె ఫోన్ మోగడం మొదలుపెట్టింది. ఆపకుండా మోగింది.

క్లినిక్ పేజీలో ఫొటో. మెడ మీద వేడి సంచీతో, చేతిలో టీతో, పళ్ళన్నీ కనిపించేలా తను. ఎదురుగా తననే చూస్తున్న ఫిజియో. పైన ఆంటీ రాత: "మా దగ్గర నొప్పులు మాయం!" దాని కింద, ప్రపంచంలో ఏ మూల ఏ ఫొటో పడినా ముందు చూసే పిన్ని: "మా పొట్టి ఇలా నవ్వి ఏడాదైంది. ఎవరమ్మా ఈ బాబు? ఏం చేస్తాడు?"

ఆ వెనకే వరస కట్టారు. "శుభవార్తా?" "జోడీ బాగుంది." "మాకు చెప్పనే లేదే!" పక్క సీటు అమ్మాయి కూడా ఒక గుండె బొమ్మ పెట్టేసి, ఏమీ ఎరగనట్టు టైపు చేసుకుంటోంది.

ఆమె మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలీదు.

"తీసెయ్యండి!"

అతను ఏంటని అడగలేదు. ఫోన్ చూశాడు, ముఖం పాలిపోయింది, ఆమె కళ్ళ ముందే ఫొటో తీసేశాడు. ఆంటీ నోటి మీద చెయ్యేసుకుని నిలబడిపోయింది.

"బాగుందని పెట్టానమ్మా" అంది గొణుగుతూ.

"తప్పు నాది" అన్నాడు అతను. "పేజీకి ఒప్పుకున్నది నేను కాబట్టి తప్పూ నాదే."

"మీదేంటి? పేజీ పెట్టింది నేను. ఆవిడకి నేర్పింది నేను. అన్ని తలుపులూ వేసి, ఈ ఒక్కటీ నేనే బార్లా తీసిపెట్టాను. తీసేస్తే మాత్రం ఏముంది? చూడాల్సినవాళ్ళంతా చూశారు. ఇప్పుడు అందరూ అడుగుతారు. ఏమీ లేదంటే, అయ్యో మళ్ళీనా అంటారు. మళ్ళీ కూర్చుని ఒక్కొక్కరికీ జవాబు రాయాలి. నాకు ఓపిక లేదండీ. నిజంగా లేదు."

ఆమె ఏడవలేదు. అలా అనేసి, వచ్చిన మెట్లే మెల్లగా ఎక్కి వెళ్ళిపోయింది. పిన్ని ఫోన్ చేస్తే, "ఎవరూ కాదు పిన్నీ, డాక్టరు" అని పెట్టేసింది.

తర్వాత కొన్నాళ్ళు క్లినిక్ వైపు వెళ్ళలేదు. మెడకి మాత్రం ఈ రోషాలూ అభిమానాలూ తెలియవు. కొయ్యబారిపోయింది. ఎవరైనా పిలిస్తే తల తిరగక, పాత తలుపులా మొత్తం మనిషే తిరగాల్సొచ్చేది. చూడలేక పక్క సీటు అమ్మాయే చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

లోపల అతను లేడు. క్లినిక్‌లో అందరికంటే సీనియర్ మేడం చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇక నుంచి నీకు నేను చేస్తానమ్మా. తనే అడిగాడు, నిన్ను ఇక నన్నే చూసుకోమని."

ఆమెకి చురుక్కుమంది. ఎక్కడో చెప్పలేదు గానీ, మెడలో మాత్రం కాదు. అంటే తప్పించుకున్నాడన్నమాట. తప్పించుకోడూ మరి? తన మీద అరిచి వెళ్ళిన మనిషిని ఎవరు భరిస్తారు? మేడం తడిబట్ట పిండినట్టు మెడ పిండుతుంటే, కంతలోంచి కనిపిస్తున్న పరాయి చెప్పుల్ని చూస్తూ ఆమె పళ్ళు బిగించింది.

బయటికొచ్చేసరికి సాయంత్రపు వాన. మెట్ల మీద, రేకుల చూరు కింద అతను నిలబడి ఉన్నాడు. గొడుగు లేదు. ఆమెకీ లేదు.

"ఒక మాట అడుగుతాను" అంది. "నన్ను వేరేవాళ్ళకి బదిలీ చేశారు. ఇదీ బ్లాక్ చెయ్యడమేగా?"

"కాదండీ."

"మరేంటి? ఆ రోజు అరిచాననా?"

"మీరు అరవలేదు. అరిచుంటే బాగుండేది." అతను చూరు నుంచి పడుతున్న నీళ్ళ వైపు చూశాడు. "మా పనిలో ఒక పద్ధతుంది. పేషెంటు మీద మనసు పడితే, ఆ పేషెంటు మీద చెయ్యి వెయ్యకూడదు. వేరేవాళ్ళకి అప్పజెప్పాలి. అందుకని మేడంకి చెప్పేశాను."

వాన చప్పుడు ఒక్కసారిగా పెద్దదైనట్టనిపించింది.

"మేడంకి ఏమని చెప్పారు?"

"ఇప్పుడు మీకు చెప్పిందే."

"అంటే... నాకంటే ముందు ఆవిడకి తెలుసా?"

అతను తల పట్టుకున్నాడు. "మళ్ళీ తప్పు చేశానా?"

అతని ముఖం చూసి ఆమెకి నవ్వాగలేదు. మేడం పిండిన మెడ భగ్గుమంది. "అబ్బా" అంటూనే నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"చూడండి, నాకిప్పుడు జవాబు చెప్పే ఓపిక లేదు."

"నేను జవాబు అడగలేదుగా."

ఏడాదిగా ఆమె చెవిన పడ్డ మాటల్లో ఇంత చల్లగా తగిలింది ఇంకోటి లేదు. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి వాన చూశారు. కాస్త తెరిపిచ్చాక ఆమే అంది: "రేపు టీ తాగుదాం. ఈ క్లినిక్‌లో కాదు. ఎవరికీ చెప్పకండి."

"ఎవరికి చెప్తాను? నాకు తెలిసినవాళ్ళంతా మోకాళ్ళే."

ఆ టీ తర్వాత ఇంకో టీ, ఆ తర్వాత బస్టాపు దాకా నడక. ఎక్కడా ఫొటో దిగలేదు, ఎక్కడా రాసుకోలేదు. మాటలన్నీ మాట్లాడిన చోటే ఉండిపోయాయి. ఆమెకి నిద్ర పట్టడం మొదలైంది. ఆదివారం లిస్టు ఏరడం ఎప్పుడు మానేసిందో ఆమె గమనించనే లేదు. ఒకరోజు బస్సు కోసం చూస్తూ, అతను అడగకుండానే, "నాకూ ఇష్టమే" అంది. అంతలో బస్సొచ్చింది. ఇద్దరూ ఎక్కలేదు.

ఇక ఇంట్లో చెప్పాలి.

అమ్మ వంటింట్లో బీన్స్ తరుగుతోంది. అమ్మకి ఏ అకౌంటూ లేదు. ఫోనంటే ఆవిడకి చెవి దగ్గర పెట్టుకునేదే.

"అమ్మా, నీతో ఒక విషయం చెప్పాలి. మా ఆఫీసు కింద క్లినిక్‌లో ఒకతను..."

"ఊఁ" అంది అమ్మ, తలెత్తకుండా. "చెప్పు."

"నీకు తెలుసా?"

"పిన్ని ఆ రోజే ఫోన్ చేసింది. ఫొటో నాన్న ఫోనుకి పంపిస్తా, చూడు అంది. వద్దన్నాను."

"ఎందుకు?"

అమ్మ కత్తి పక్కన పెట్టింది. "పోయినసారి నువ్వు గుమ్మంలో అడుగు పెట్టేసరికే నాకు అంతా తెలుసే. నువ్వేమో ఎలా చెప్పాలా అని నిలబడి ఉన్నావు. నీ నోటితో నువ్వు చెప్పుకునే అవకాశం కూడా లేకుండా పోయింది. ఆ మొహం నేను మర్చిపోలేను. అందుకని, ఈసారి నువ్వు చెప్పేదాకా నాకేం తెలీదనుకున్నాను. ఎన్నాళ్ళైనా సరే."

ఆమె అక్కడే నేల మీద కూలబడి, అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని, మొదట్నుంచీ చెప్పింది. అమ్మ మధ్యలో రెండుసార్లు నవ్వింది, ఒకసారి కళ్ళొత్తుకుంది. అన్నీ విన్నాక, "ఆదివారం రమ్మను. నాన్నకి నేను చెప్తాను. మీ పిన్నికి మాత్రం నువ్వే చెప్పు. ఊరికే వదిలేశావంటే అది చిన్నబుచ్చుకుంటుంది" అంది.

పిన్నికి ఫోన్ చెయ్యడానికి ఆమె ఊపిరి పీల్చుకోవాల్సొచ్చింది. ఎన్ని ప్రశ్నలు వేస్తుందో, ఎంతమందికి చేరవేస్తుందో!

"పిన్నీ, నేను పొట్టిని. ఆ రోజు నువ్వడిగావు చూడు, ఆ బాబు... అతనే పిన్నీ. ఆదివారం ఇంటికొస్తున్నాడు."

అవతల చప్పుడు లేదు. లైను తెగిందేమో అనుకుంది.

"పిన్నీ?"

"ఉన్నానే" అంది పిన్ని. గొంతు ముద్దగా ఉంది. "నువ్వే చెప్పావే నాకు. నువ్వే ఫోన్ చేసి చెప్పావు. నాకెవరూ ఏదీ చెప్పరే పొట్టీ. మీ బాబాయి పోయాక మరీను. నా కోడలికి నెల తప్పిన సంగతి కూడా నేను అందులోనే చూసి తెలుసుకున్నాను. అందుకేగా, రోజంతా దాన్ని పట్టుకు కూర్చునేది!"

ఆమె ఫోన్ చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఏ తలుపు సందులోంచి ఎవరు తొంగి చూస్తారోనని కాపలా కాసింది గానీ, అవతల నిలబడ్డ మనిషిని ఎప్పుడూ చూడలేదు.

"ఆదివారం నువ్వూ రా పిన్నీ. పొద్దున్నే వచ్చెయ్."

"వస్తానే. ఒట్టు, ఫొటోలు మాత్రం తియ్యను."

"ఒక్కటి తీసుకో పిన్నీ" అంది ఆమె. "తీసుకుని నీ దగ్గరే ఉంచుకో."